పన్నెండు గంటల నోట్సు

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. నర్సు పనిలో చేరింది కూడా ఆ గుణం వల్లేనని మా ఇంట్లో అంటారు. వార్డులో ఏడు గంటలు నిలబడమంటే నిలబడతాను, మెట్లు ఎక్కి దిగమంటే ఎక్కి దిగుతాను, కాళ్ళు పీకినా నాకు అదే సుఖం. కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పెన్ను ఇచ్చారంటేనే చిరాకు మొదలవుతుంది. అలాంటిదాన్ని ముప్పై ఏడేళ్ళ వయసులో కూర్చోబెట్టి ఇంగ్లీషులో భూతకాలం నేర్పించారు.

మాది వడమాలపేట పక్కన పల్లె. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి రోజూ బస్సులో వచ్చిపోతాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత నర్సింగు. ఇంగ్లీషు మందుల పేర్లన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను కానీ, ఆ పేర్లను కలిపి ఒక వాక్యం చెయ్యమంటే చేతులెత్తేస్తాను. పద్నాలుగేళ్ళ పాటు ఆ అవసరం పడలేదు. బీపీ ఇంత, జ్వరం ఇంత, ఫలానా సూది ఇచ్చాం అని ముక్కలు ముక్కలుగా రాస్తే సరిపోయేది.

మూడేళ్ళ కిందట మా ఆస్పత్రి వాళ్ళకు పెద్ద గుర్తింపు ఏదో తెచ్చుకోవాలని బుద్ధి పుట్టింది. తనిఖీకి పైనుంచి మనుషులు వస్తారట, మొదట ఫైళ్ళే చూస్తారట. అందుకని నర్సుల నోట్సు గంట గంటకూ పూర్తి ఇంగ్లీషు వాక్యాల్లో, అదీ భూతకాలంలో, తప్పుల్లేకుండా ఉండాలని ఆర్డరు వేశారు. మా వార్డు ఇన్‌చార్జి సిస్టర్ చిత్తూరు టౌనులో వ్యాపారం చేసుకునే ఇంటి మనిషి, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం. ఆమెకు ఆ ఆర్డరు పండగలా ఉంది. మొదటి వారంలోనే నా ఫైలు తీసి, కొత్తగా చేరిన అమ్మాయిలందరి ముందూ పైకి చదివింది.

“‘పేషెంట్ డిడ్ నాట్ స్లెప్ట్.’ డిడ్ పక్కన స్లెప్ట్ వస్తుందా సిస్టర్? పద్నాలుగేళ్ళ సర్వీసు నీది!”

అమ్మాయిలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రంతా దగ్గుతున్న మనిషి వీపు నిమిరి కూర్చోబెట్టింది డ్యూటీలో ఉన్న నేనే. అతను నిద్రపోలేదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. మధ్యలో ఈ డిడ్ ఎవరో నాకు అర్థం కాలేదు. అలాగని ఆమె అన్నది తప్పని కూడా అనలేను. తల కొట్టేసినట్టయి, మరుసటి రోజే క్లాసులో చేరాను.

ఆ క్లాసు ఒక జిరాక్సు షాపు పైన గది. డ్యూటీ దిగాక సాయంత్రం ఒక గంట. పల్లెటూరి బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు చెప్పేవాడు. నాతో పాటు చదివేదంతా డిగ్రీ పిల్లలు. వాళ్ళు నన్ను మొదటి రోజు మేడం అన్నారు, రెండో రోజు ఆంటీ అన్నారు. మూడో రోజు నుంచి నా పుస్తకంలోకి తొంగిచూసి తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

“మనకి ‘వచ్చినాడు’ అంటే సాలమ్మా,” అనేవాడు మాస్టారు. “వాళ్ళకు సాలదు. నిన్న వచ్చినాడా, వస్తా ఉండినాడా, నువ్వు పొయ్యేటప్పటికే వచ్చేసి ఉండినాడా, అన్నీ సెప్పల్ల. పని ముగిసిందా లేదా అనేది వాళ్ళు మాటలోనే తేల్సేస్తారు.”

తేల్చేస్తే తేల్చుకోనీ, నాకేం అభ్యంతరం? కానీ గో అనే మాట వెంట్ ఎందుకు అవుతుంది? ఆ రెండింటికీ చుట్టరికం ఏమిటి? ఈట్ ఏట్ అయితే బీట్ బేట్ ఎందుకు కాదు? కట్, పుట్, హర్ట్ మాత్రం నిన్నైనా ఈరోజైనా అలాగే ఉంటాయట. కొయ్యడం, పెట్టడం, నొప్పి పెట్టడం, మా ఆస్పత్రిలో జరిగేదంతా ఆ మూడే కదా, నేను ఆ మూడింటితోనే నెట్టుకొస్తానని అంటే మాస్టారు నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. రోజూ నిన్న ఏం చేశామో పది వాక్యాలు రాసుకురమ్మనేవాడు. నేను బస్సులో నిలబడి రాసేదాన్ని. సీటు దొరికినా కూర్చోబుద్ధి అయ్యేది కాదు. పెదవులు కదుపుతూ టుక్, గేవ్, సా అనుకుంటుంటే, కండక్టరు నేనేదో స్తోత్రం చదువుతున్నాననుకుని టికెట్ అడగడానికి ఆగేవాడు.

ఇంట్లో మా ఆయన ఎగతాళి ఆయనది. “ఏమే, నిన్న తినింది సెప్పడానికి ఇంగ్లీషోళ్ళు ఇంత అవస్థ పడతారా?” అనేవాడు. నేను మాత్రం తిన్నదీ, తింటూ ఉన్నదీ, తినేసి ఉన్నదీ మూడూ విడివిడిగా నూరిపోసుకుంటూ అన్నం ముందు చెయ్యి ఆపేసేదాన్ని. నెల తిరిగేసరికి హ్యాడ్ ఎక్కడ పెట్టాలో తెలిసింది. రెండు పనులు జరిగిపోయి ఉంటే, వాటిలో ముందు జరిగినదానికి. ఆ ఒక్కటీ పట్టుబడినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

నేర్చుకున్నాను సరే, రాయడానికి టైము పట్టేది. పేషెంటు దగ్గర నిలబడి, ఒక చేత్తో సెలైను సరిచేస్తూ, గివ్, గేవ్, గివెన్ అని వెతుక్కుంటే ఎట్లా కుదురుతుంది? అప్పుడు పక్కనున్న సిస్టర్లు చేస్తున్న పని నా కంట్లో పడింది. ఉదయం డాక్టర్ల రౌండ్లు అయిపోయాక అరగంట వార్డు నెమ్మదిగా ఉంటుంది. ఆ అరగంటలో వాళ్ళు పది గంటల నోట్సు, పదకొండుది, పన్నెండుది అన్నీ ఒక్కసారే రాసేసుకుంటున్నారు. జరగబోయే పనులన్నీ జరిగిపోయినట్టుగా. ‘పేషెంట్ వాజ్ గివెన్ వాటర్. డ్రెస్సింగ్ వాజ్ చేంజ్డ్.’ తర్వాత ఆ పని చెయ్యడమే మిగులుతుంది. అందరూ చేస్తారు, చెయ్యకుండా వదలరు కూడా. నేనూ మొదలుపెట్టాను. మొదట్లో అంకెలకు జాగా ఖాళీగా వదిలేసేదాన్ని. షుగర్ వాజ్ చెక్డ్ అండ్ ఇట్ వాజ్, అంతే, ఆ తర్వాత చుక్కలు. చూసినప్పుడు అంకె వేసేదాన్ని.

నా ఫైళ్ళు ముత్యాల్లా తయారయ్యాయి. ఇన్‌చార్జి సిస్టర్ మళ్ళీ ఒకసారి అందరి ముందూ నా ఫైలు చదివింది. ఈసారి మెచ్చుకోవడానికి. “సిస్టర్‌ను చూసి నేర్చుకోండి,” అని ఆ కొత్త అమ్మాయిలతోనే అంది. నేను లోపల ఎగిరి గంతేశాను.

ఆ రోజుల్లోనే పులికాట్ సరస్సు గట్టు నుంచి ఒక పెద్దాయన వచ్చి చేరాడు. తడ దగ్గర పల్లె. పడవ ఒడ్డుకు లాగుతుంటే గుల్ల కోసుకుని పాదం చీరుకుంది, షుగరు ఉండడం వల్ల పుండు మానలేదు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. తోడు కూతురు ఉండేది. పాతికేళ్ళు ఉంటాయి, చేపల గంప మోసి మోసి గట్టిపడిన మనిషి. అక్షరం ముక్క రాదు కానీ అంకెలు బాగా తెలుసు. రోజూ ఉదయం ఏడున్నరకు ఆయనకు ఇన్సులిన్ ఇవ్వాలి, వెంటనే టిఫిను తినాలి, లేకుంటే షుగరు పడిపోతుంది, పన్నెండుకు మళ్ళీ షుగర్ చూడాలి. ఆయన మంచం నా వాటాలోనే ఉండేది.

అది పెరటాసి నెలలో శనివారం. పొద్దున నేను ఇన్సులిన్ వెయ్యడానికి వెళ్ళేసరికే పెద్దాయన ముఖం కడుక్కుని నుదుట నిలువు నామం పెట్టుకుని కూర్చున్నాడు. ఇడ్లీ పొట్లం పక్కనే ఉంది. సూది వేసి, తినెయ్యమని చెప్పి వెళ్ళాను. ఎనిమిదింటికి అటు పోతూ అడిగాను.

“తినినానమ్మా. కడుపు నిండుగా ఉండాది,” అన్నాడు.

ఆ నామం చూసైనా నాకు తట్టి ఉండాల్సింది. మా వైపు ఆ నెల శనివారాలు ఎంతమంది ఉపవాసాలుంటారో నాకు తెలియనిది కాదు. మధ్యాహ్నం స్వామికి తళిగ, అంటే నైవేద్యం, పెట్టి, హారతి ఇచ్చి, ఆ ప్రసాదం తిన్నాకే వాళ్ళకు అన్నం. మా అత్త కూడా ఆ పొద్దు పచ్చి నీళ్ళతోనే ఉంది, ఆమెను ఇంట్లో వదిలే నేను బస్సెక్కాను. అయినా తట్టలేదు. ఎందుకంటే ఆ రోజు నా బుర్ర నిండా ఫైళ్ళున్నాయి. తనిఖీ వాళ్ళు సోమవారం వస్తారని, ఈలోపు ఆ మధ్యాహ్నమే ఫైళ్ళన్నీ ఒకసారి సరిచూస్తానని ఇన్‌చార్జి సిస్టర్ చెప్పింది. ఖాళీలు కనపడితే ఊరుకోనంది.

తొమ్మిదిన్నరకు కూర్చుని పన్నెండు దాకా రాసేశాను. పెద్దాయన ఫైలు దగ్గరికి వచ్చేసరికి ఆ చుక్కలు నన్ను చూసి వెక్కిరించినట్టు అనిపించాయి. ముందు రోజు పన్నెండుకు నూట ముప్పై ఎనిమిది. అంతకు ముందు రోజు నూట నలభై ఆరు. నేను నూట నలభై రెండు అని వేశాను. పన్నెండుకు నిజంగా చూసి, తేడా ఉంటే దిద్దుకుంటాను కదా అనుకున్నాను. దాని కింద, ‘ద పేషెంట్ హ్యాడ్ టేకెన్ బ్రేక్‌ఫాస్ట్ అండ్ వాజ్ కంఫర్టబుల్’ అని రాశాను. హ్యాడ్ సరైన చోట పడింది.

పదకొండున్నర నుంచి వార్డులో నాకు ఊపిరి సలపలేదు. రెండు కొత్త కేసులు, ఒక డిశ్చార్జి. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పన్నెండు దాటింది. పెద్దాయన మంచం వైపు చూశాను, పడుకుని ఉన్నాడు. ఇదిగో పోతాను, ఇదిగో పోతాను అనుకుంటూనే ఇంకో మంచం దగ్గరికి పోయాను. ఫైలులో ఎలాగూ రాసి ఉందనే ధైర్యం నన్ను ఆపింది. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవాలి.

పన్నెండుంపావుకు కూతురు చేతిలో ఆకు పొట్లంతో వచ్చింది. వచ్చీ రావడమే కేక పెట్టింది.

“అక్కా! నాయన పలకడం ల్యా! సూడక్కా, ఒళ్ళంతా సెమట!”

పరిగెత్తాను. దుప్పటి తడిసిపోయి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి కానీ మనిషి లేడు వాటిలో. డ్యూటీ డాక్టరు వచ్చాడు, చిన్నవాడు, చేరి ఆరు నెలలు కాలేదు. “షుగర్ ఎంత?” అని అడుగుతూనే ఫైలు తీశాడు. “పన్నెండుకు నూట నలభై రెండు. టిఫిను తిన్నాడు. అయితే షుగరు కాదు, ఇది స్ట్రోక్. వెంటనే కింద స్కానింగుకు పంపండి,” అన్నాడు. నా అక్షరాలు చదివే అన్నాడు.

స్కానింగు అంటే స్ట్రెచరు రావాలి, లిఫ్టు దొరకాలి, కింద వరసలో ఆగాలి. అరగంట మాట. షుగరు పడిపోయిన మనిషికి అరగంట ఎంతో నాకు పద్నాలుగేళ్ళుగా తెలుసు.

“మళ్ళీ ఒకసారి షుగర్ చూడమంటారా సార్?” అన్నాను. తెలివిగా తప్పించుకుందామనుకున్నాను.

“పావుగంట కిందట మీరే చూశారు కదా సిస్టర్? టైము పోతుంది. స్ట్రెచర్!”

ఇన్‌చార్జి సిస్టర్ కూడా వచ్చి నా పక్కనే నిలబడి ఉంది. స్ట్రెచరు చక్రాల చప్పుడు వరండాలో వినిపిస్తోంది. చెప్తే ఏమవుతుందో నాకు వరసగా కనపడింది. సోమవారం తనిఖీ, మెమో, ఉద్యోగం, ఆ అమ్మాయిల ముఖాలు. స్ట్రెచరు గుమ్మం దాటి మంచం దాకా వచ్చేవరకూ నేను నోరు విప్పలేదు. ఒక నిమిషం ఉంటుందేమో. ఆ నిమిషం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

“సార్, పన్నెండుకు నేను సూడలేదు,” అన్నాను. ఎప్పుడూ ఆస్పత్రిలో బయటికి రానివ్వని మా ఊరి మాట అప్పుడు వచ్చేసింది. “సూసినట్టు ముందే రాసినాను. ఆ అంకె నాది.”

డాక్టరు ఫైలు వైపు చూసి, నా వైపు చూశాడు. అప్పటికే నేను షుగర్ మిషను తీసి పెద్దాయన వేలు పొడిచేశాను. ముప్పై నాలుగు. గ్లూకోజు నరానికి ఎక్కించాం. పని దొరికితే నా చేతులు వాటంతట అవే నడుస్తాయి. కాసేపటికి పెద్దాయన కనురెప్పలు కొట్టుకున్నాయి. ముఖంలోకి మనిషి తిరిగొచ్చాడు. కూతురి చేతిలో పొట్లం చూసి, “తళిగ అయిందా మే?” అని అడిగాడు.

అప్పుడు ఆ పిల్ల ఏడ్చేసింది. నాయన పొద్దున ఇడ్లీ ముట్టలేదని, పక్క మంచం ఆయనకిచ్చేశాడని, సిస్టర్లు తిడతారని తననూ చెప్పనివ్వలేదని చెప్పింది. ప్రసాదం కోసం తను గుడి దగ్గర వరసలో నిలబడిందట. “ఎప్పుడూ ఉండేదే గదా అనుకుంటిమి డాక్టరప్పా,” అంది.

నా మీద ఇన్‌చార్జి సిస్టర్ అరవలేదు. ఫైలు చంకలో పెట్టుకుని నన్ను పక్కకు తీసుకెళ్ళి, మెల్లగా, ఆ పేజీ మార్చి రాద్దామా అని అడిగింది. ఆమె భయం ఆమెది. వద్దన్నాను. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ ఇంగ్లీషులో ఎన్ని తప్పులున్నాయో ఆ రోజు ఎవరూ చూడలేదు. సాయంత్రానికి మెమో వస్తుందని చెప్పారు, వచ్చింది కూడా.

డ్యూటీ దిగి బట్టలు మార్చుకుని పోతుంటే కూతురు నాకు అడ్డం వచ్చింది. రెండు చేతులూ పట్టుకుంది. డాక్టరుకూ నాకూ మధ్య జరిగిన మాటలు ఆ గాభరాలో ఆమెకు ఎక్కలేదు. “డాక్టరు యాడికో తీసుకుపొమ్మంటే నువ్వే ఆపితివి అక్కా. నువ్వు లేకుంటే మా నాయన లేడు,” అంది. నేను చేతులు విడిపించుకుని వచ్చేశాను. ఏదో అన్నాను, పర్వాలేదనో ఏమో.

బస్టాండుకు వచ్చాను, మా ఊరి మీదుగా పోయే పుత్తూరు బస్సు ఎక్కాను. కూర్చోలేకపోయాను. డ్రైవరు బండి స్టార్టు చేసేసరికి కిందికి దూకేశాను. కండక్టరు ఏదో అరిచాడు. ప్లాట్‌ఫారాల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచాను. క్లాసుకు పోదామా అనుకున్నాను, ఆ గది మెట్లెక్కే మనసు రాలేదు. ఇంకో బస్సు వచ్చింది, అదీ వదిలేశాను. ఆ పిల్ల చేతుల గరుకు నా చేతుల మీద ఇంకా తెలుస్తూనే ఉంది. చివరికి ఆటో కూడా ఎక్కకుండా ఆస్పత్రికి నడుచుకుంటూ వెనక్కి పోయాను.

పెద్దాయన నిద్రపోతున్నాడు. కూతురు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నేనూ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“నేను ఆపలేదమ్మా,” అన్నాను. “పన్నెండుకు మీ నాయనకు షుగర్ సూడాల్సింది నేనే. సూడలేదు. సూసినట్టు, బాగుండాడని కాగితంలో రాసి పెట్టినాను. అది సదివే డాక్టరు అట్లనింది.”

ఆమె తండ్రి నిద్ర చెదరలేదని చూసుకుని నా వైపు తిరిగింది.

“తినకుండానే తిన్నాడని మేమూ అబద్ధం సెప్తిమి,” అంది. “అది దేవుని మీద ఉండే బయంతో. నువ్వెందుకు రాసినావక్కా?”

దానికి నేను చెప్పుకోగలిగిన జవాబు ఒక్కటే ఉంది.

“ఇంగ్లీషు తప్పు పోతుందని. నెమ్మదిగా ముందే రాసుకుంటే తప్పు రాదని.”

“మా నాయన పోయింటే గూడా ఆ ఇంగ్లీషు సరిగ్గానే ఉండునా అక్కా?”

“ఉండునమ్మా,” అన్నాను.

ఆమె తల తిప్పుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. లేచి వచ్చేశాను.

మరుసటి రోజు ఆ మంచం వేరే సిస్టరుకు ఇస్తారనుకున్నాను. మనుషులు తక్కువై నాకే ఇచ్చారు. పన్నెండుకు ఫైలూ మిషనూ పట్టుకుని వెళ్ళాను. పెద్దాయన ఎప్పటిలాగే నవ్వి వేలు చాపాడు, కూతురు ఆయనకు ఏమీ చెప్పలేదని అర్థమైంది. వేలు పొడిచి, మిషను చూసి, ఫైలు తెరిచి పెన్ను తీశాను. ఆమె లేచి వచ్చి నా చేతిలోంచి మిషను తీసుకుంది. అంకెలు ఒక్కొక్కటే పైకి చదివింది. తర్వాత మిషను నా చేతిలో పెట్టింది. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. అక్కా అని కూడా అనలేదు.

“సూసినా,” అంది. “ఇంక రాసుకో.”

ఆ పెద్దాయన డిశ్చార్జి అయ్యేదాకా పదకొండు రోజులు, ఆమె అలా చెప్పిన తర్వాతే రాశాను.